పాత దర్వాజ గీకే ముందు

(దసరా పనులు మొదలయ్యే ముందు హనుమకొండలో రంగులు వేసే కార్మికులు, వడ్రంగులు, మేస్త్రీలు, పాత ఇళ్ల యజమానులు కూడిన సమావేశంలో ఒక సివిల్ ఇంజనీరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పెత్రమాస దగ్గరికొచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మ నాటికల్లా రంగులు పడాలని ఇంటివాళ్ల తొందర. ఒక ఇల్లు ముగించుకుని ఇంకో ఇంట్లో నిచ్చెన వేయాలని మీ తొందర. ఈ తొందరలో అందరం మొట్టమొదట చేసే పని పాత రంగు గీకడం. ఇవ్వాళ నేను మాట్లాడేదంతా ఆ గీకుడు గురించే.

గిర్మాజీపేట, మట్టెవాడ, కుమార్‌పల్లి, కాజీపేట, ఇటు జనగామ, పరకాల, అటు కరీంనగర్, జగిత్యాల దాకా ఎటు పోయినా నలభై యాభై ఏళ్ల కిందటి ఇళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. బంగళా పెంకులు, టేకు దూలాలు, రెండు రెక్కల దర్వాజలు, ఇనుప ఊచల కిటికీలు. వాటిని కూలగొట్టకుండా బాగు చేయించుకునేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. నా పనే అది కనుక నాకు చాలా సంతోషం. అయితే ఆ దర్వాజల మీద, ఊచల మీద పొరలు పొరలుగా ఉన్న ఆయిల్ పెయింట్‌లో సీసం, అంటే లెడ్ అనే విషపు లోహం, ఉండే అవకాశం ఉంది. పెచ్చులూడకుండా గట్టిగా ఉన్నంత కాలం, ఎవరూ కదిలించనంత కాలం, దాంతో పెద్దగా బాధ లేదు. పొడిగా గీకినా, గ్రైండర్ పెట్టినా, మంట చూపినా అది దుమ్మై, పొగై ఇంట్లోవాళ్ల నోట్లోకి, మన నోట్లోకి వస్తుంది. నిద్రపోయే సీసాన్ని లేపేది మన చెయ్యే.

భయం ఎక్కడ అక్కర్లేదో ముందు చెప్తాను. సున్నం గోడకు భయపడకండి. సున్నంలో నీలం కలిపి కొట్టిన గోడలు, జాజు పూసిన అరుగులు సీసం కోసం అనుమానించాల్సినవి కావు. జాజు అంటే ఇనుము ఉన్న ఎర్రమన్ను. నీళ్లలో కలిపి కొట్టే డిస్టెంపర్ల మీద కూడా నాకు అంత అనుమానం లేదు. చూడాల్సింది తార్పీను కలిపి కొట్టే రంగుల్ని, ఆరినాక నిగనిగలాడేవాటిని. తలుపులు, కిటికీలు, గ్రిల్స్, గేట్లు, వరండా కటకటాలు. ఇంకొకటి ఉంది, చాలామంది మరిచిపోతారు: వంటింట్లో, వరండాలో, బడి గదుల్లో మరకలు పడకుండా నడుము ఎత్తు దాకా కొట్టే ఆయిల్ పెయింట్ పట్టీ. చిన్నపిల్లల చెయ్యి తగిలే ఎత్తు సరిగ్గా అదే.

రంగులో సీసం ఎందుకు కలిపారంటే, అది పనికొచ్చింది కాబట్టే. తెల్లదనానికి, మందానికి తెల్ల సీసం వాడారు. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులు ఎండకు వెలిసిపోకుండా ఉండాలని లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగుపొడి వాడారు. తొందరగా ఆరడానికి సీసపు డ్రయ్యర్లు కలిపారు. ఇనుము తుప్పు పట్టకుండా నారింజ ఎరుపులో ఉండే రెడ్ లెడ్ కొట్టారు. ఇప్పుడు మీరు దుకాణంలో కొనే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఇది కాదు, అందులో రంగునిచ్చేది ఇనుము. కానీ పాత గేటు అడుగున ఏ ఎరుపుందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు.

ఇంట్లో ఒక్క చోటు చూసే తీరికే ఉంటే, కడప, అదే దర్వాజ గడప, చూడండి. పసుపు రాసే చోట పసుపురంగు ఆయిల్ పెయింట్ కొట్టి, మీద తెల్లటి చుక్కలు, ఎర్రటి బొట్లు పెట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో అలవాటైంది. దసరాకో పూత, పెళ్లికో పూత. అడుగు పడే నడిమిభాగం అరిగి కట్టె కనబడుతుంటుంది. రెండు మూలల్లో, దర్వాజ కాళ్ల దగ్గర మాత్రం పూత మీద పూత పడి గడ్డకట్టి ఉంటుంది. గోరు పెట్టి లేపితే పెచ్చు ఊడి వస్తుంది. ఆ పెచ్చును పక్కకు తిప్పి అంచు చూడండి. పసుపు, దాని కింద ఇంకో పసుపు, మధ్యలో ఎవరో ఒక ఏడాది కొట్టిన ఆకుపచ్చ, మళ్లీ పసుపు, అడుగున తెల్లటి ప్రైమర్. ఆ పసుపులో లెడ్ క్రోమేట్ వాడి ఉంటే, ఆ క్రోమేట్ బరువులో 64 శాతం సీసమే. పైన కనబడే పూత కొత్తదే కావచ్చు, అడుగున ఉన్నవి మాత్రం మీరు పుట్టకముందువి కావచ్చు.

ఇంట్లోవాళ్లందరి అడుగూ పడి అరిగేది ఆ చోటే. పాకే పిల్ల రెండు చేతులూ ఆనించి దాటేది, పట్టుకుని నిలబడేది, కూచుని బువ్వ తినేది కూడా ఆ చోటే. మరి దాన్ని మనం ఎట్లా బాగు చేస్తున్నాం? బ్లేడుతో పరపరా గీకి, ఎమరీ పేపర్ రుద్ది, ఆ పొడిని ఉఫ్‌మని నోటితో ఊదుతాం. సగం లోపలి అర్రలోకి పోతుంది, సగం మన మొహం మీద పడుతుంది. ఊదిన చోటు శుభ్రంగా కనబడుతుంది గనక పని బాగా అయిందనుకుంటాం.

సీసం ఒంట్లోకి పోతే ఏమవుతుందో ఇప్పుడు చెప్తాను. శరీరానికి అది పరాయి వస్తువు, దాని అవసరం రవ్వంత కూడా లేదు. కానీ శరీరం దాన్ని క్యాల్షియం అనుకుని మోసపోతుంది. ఎముకల్లో దాచిపెట్టుకుంటుంది, అక్కడ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆడపిల్ల పెద్దదై గర్భం దాల్చినప్పుడు ఎముకల్లోని క్యాల్షియంతో పాటు ఆ సీసమూ కదిలి రక్తంలోకి వస్తుంది, మాయ దాటి కడుపులో బిడ్డకు చేరుతుంది. పెద్దవాళ్లతో పోలిస్తే చిన్నపిల్లల పేగులు మింగిన సీసాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా ఎక్కువ. ఒంట్లో ఇనుము, క్యాల్షియం తక్కువుంటే ఇంకా ఎక్కువ. మన పిల్లల్లో రక్తహీనత ఎంతుందో మీకు తెలుసు. మట్టి తినే పిల్లలు, బలపాలు నమిలే పిల్లలు గోడ పెచ్చులూ నములుతారు.

అది దెబ్బతీసేది ముఖ్యంగా మెదడును. పిల్ల మొహం చూస్తే ఏమీ తెలియదు. దగ్గు రాదు, జ్వరం రాదు. బాగా ఎక్కువైతే కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం కనిపిస్తాయి, చాలా ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. తక్కువ మోతాదులో చేసే నష్టం చదువులో, ధ్యాసలో, ప్రవర్తనలో బయటపడుతుంది. అప్పుడు మనం పిల్ల మొండిది అంటాం, బుద్ధి నిలవదు అంటాం. ఇంత లోపల ఉంటే ఫర్వాలేదు అని చెప్పగలిగే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. పోనీ తర్వాత మందులిచ్చి బాగు చేసుకుందామా అంటే, అమెరికాలో ఈ సంగతి మీదే ఒక పెద్ద పరీక్ష చేసి 2001లో ఫలితాలు వెల్లడించారు. మందుతో రక్తంలో సీసం తగ్గింది, పిల్లల తెలివిలో మాత్రం మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా రాలేదు. అందుకే లోపలికి పోకుండా ఆపడం తప్ప వేరే దారి లేదని నేను ఇంత గట్టిగా చెప్తున్నాను.

పెద్దవాళ్లను కూడా అది వదలదు. రక్తపోటు పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఏళ్లకేళ్లు గీకే మీరు ఆ లెక్కలో అందరికంటే ముందుంటారు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 1890లలోనే పిల్లలకు సీసం విషం ఎక్కుతోందని డాక్టర్లు గుర్తుపట్టారు. ఎక్కడినుంచి వస్తోందో చాలాకాలం అంతుబట్టలేదు. లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు 1904లో తేల్చి చెప్పాడు: వరండా కటకటాల మీది రంగు ఎండకు పొడిబారి రాలుతోంది, పిల్లల చేతులకు అంటుకుంటోంది, ఆ చేతులు నోట్లోకి పోతున్నాయి అని. వేడి దేశం, కట్టె ఇళ్లు, వరండాలో ఆడుకునే పిల్లలు. మన ఇళ్లకూ వాటికీ పెద్ద తేడా ఏముంది? ఆయన ఆ మాట చెప్పి నూట ఇరవై ఏళ్లు దాటింది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పి పోతాను. అమెరికా ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించింది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో 90 పీపీఎం కంటే ఎక్కువ సీసం ఉండకూడదని కేంద్రం 2016లో నియమాలు తెచ్చింది, అవి 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 90 పీపీఎం అంటే కిలో రంగులో 90 మిల్లీగ్రాములు. డబ్బా మీద ఆ మాట రాసి ఉండాలి, కొనేటప్పుడు తిప్పి చూడండి. రెండు లోపాలున్నాయి. పరిశ్రమలకు వాడే రంగులకు ఆ నియమాలు వర్తించవు, కాబట్టి చవగ్గా వచ్చిందని ఎక్కడిదో ఇనుప పనుల రంగు తెచ్చి కిటికీ ఊచలకు కొట్టకండి. రెండోది, అవి కొత్త డబ్బాల కోసం చేసిన నియమాలు. మీ ఇంటి తలుపు మీద ఇప్పటికే ఉన్న రంగు గురించి అవి ఏమీ మాట్లాడవు. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇంట్లో రంగు కదిలించే పని చేయాలంటే గుత్తేదారుకు శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలని 2010 నుంచి నిబంధన అమలవుతోంది. మనకు అటువంటిది లేదు. రావాలని నేను కోరుకుంటున్నాను. వచ్చేదాకా పిల్లల్ని ఆగమని చెప్పలేం కదా.

దుమ్ము ఎంత పడితే ఎక్కువో ఒక లెక్క చెప్తాను, ఇది బుర్రలో పెట్టుకోండి. ఒక గ్రాము పాత రంగు పెచ్చు తీసుకుందాం, అందులో 1 శాతం సీసం ఉందనుకుందాం. గ్రాములో పది లక్షలో వంతు ఒక మైక్రోగ్రాము, ఆ లెక్కన అది 10,000 మైక్రోగ్రాములు. దాన్ని పొడి చేసి పదికి పది అర్రలో నేలంతా సమంగా పరిస్తే చదరపు అడుగుకు 100 మైక్రోగ్రాములు పడుతుంది. పిల్లలుండే ఇంటి నేల మీద చదరపు అడుగుకు 10 మైక్రోగ్రాములు దాటితే ప్రమాదమని అమెరికా 2019లో హద్దు పెట్టింది, ఆ తర్వాత దాన్ని ఇంకా బిగించింది. అంటే ఒక్క గ్రాము పొడి చాలు, అర్ర మొత్తం ఆ హద్దుకు పది రెట్లు దాటడానికి. ఒక తలుపు గీకితే మనం రాల్చేది గ్రాముల్లో కాదు, గుప్పెళ్లలో.

ఇక పని దగ్గరికి వద్దాం.

సీసం ఉందో లేదో తెలుసుకోవాలంటే లేబరేటరీకి పంపాలి. తలుపు మీద పైకి కనబడని ఒక మూలలో తడిపి, కట్టె కనబడేదాకా అన్ని పొరలూ కలిసి వచ్చేట్టు ఒక పెచ్చు తీసి, జిప్ కవర్‌లో పెట్టండి. పైపొర ఒక్కటే పంపితే అడుగున ఉన్నది దొరకదు. హైదరాబాద్‌లో ఎన్‌ఏబీఎల్, అంటే ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు, గుర్తింపు ఉన్న కెమికల్ ల్యాబులున్నాయి, పెయింట్‌లో సీసం చూస్తారా అని ముందే ఫోన్ చేసి అడగండి. ఆన్‌లైన్‌లో రంగు మారే కిట్లు అమ్ముతారు. వాటిని నేను నమ్మను. లెడ్ క్రోమేట్ తొందరగా కరగదు గనక కొన్ని కిట్లకు చిక్కదు, అంటే మన కడప మీది పసుపు దగ్గరే అవి తప్పు చెప్పే వీలుంది. పరీక్ష చేయించలేకపోతే నేను పాటించే పద్ధతి ఇది: 2017కు ముందు పడిన ఆయిల్ పెయింట్ ఏదైనా సరే, సీసం ఉన్నట్టే లెక్క.

తర్వాత అడగాల్సిన ప్రశ్న, అసలు గీకాలా అని. రంగు గట్టిగా పట్టుకుని ఉంటే గీకొద్దు. సబ్బునీళ్లతో కడిగి, ఆరాక, జిగురు పట్టే ప్రైమర్ కొట్టి పైన రంగు వేయండి. నునుపు కోసం కాస్త గరుకు చేయాల్సి వస్తే వాటర్ పేపర్ తడిపి రుద్దండి. తలుపు రెక్క దర్వాజకు రాసుకునే అంచు, కిటికీ రెక్క ఊచలకు తగిలే చోటు మాత్రం ఇట్లా కప్పిపెడితే నిలవదు. మూసి తెరిచినప్పుడల్లా ఒరుసుకుని పొడి రాలుతుంది. అక్కడ తడిగీకుడు చేసి, చిత్రిక పట్టాల్సి వస్తే రెక్క ఊడదీసి బయటికి తీసుకెళ్లి, రంగు పూర్తిగా పోయాకే పట్టండి.

గీకక తప్పని చోట ముందు ఇల్లు ఖాళీ చేయించండి. ఇల్లంతా అక్కర్లేదు, పని జరిగే అర్ర చాలు. మంచాలు, పరుపులు, బట్టలు, గిన్నెలు, దేవుడి పటాలు అన్నీ బయటికి. తీయలేని బీరువాను కవరుతో చుట్టి టేపు వేయండి. పిల్లలు, గర్భంతో ఉన్న ఆడవాళ్లు పని అయ్యి, కడగడం అయ్యేదాకా ఆ వైపు రావొద్దు. వీలైతే తల్లిగారింటికి పంపండి, దసరా ముందు ఎట్లాగూ పోతారు. ఫ్యాన్, కూలర్ బంద్. లోపలి తలుపుకు ప్లాస్టిక్ కవరు అంటించండి. కింద కవరు పరచండి, పని చేసే చోటి నుంచి లోపలైతే కనీసం 6 అడుగులు, బయటైతే 10 అడుగులు. ఇది అమెరికా నిబంధనలో ఉన్న కొలత, మనకూ సరిపోతుంది. పెరట్లో చేదబాయి ఉంటే దాని మీద కప్పు వేయండి.

ఒక్క మాట, పరచడానికి వడ్లు, మక్కలు, మిరపకాయలు ఆరబోసే పరదా తేవొద్దు. పని అయ్యాక దులిపి మళ్లీ దాని మీదే వడ్లు పోస్తారు. పారేయడానికే కొన్న పల్చటి ప్లాస్టిక్ షీటు వాడండి, ఖర్చు పెద్దగా కాదు.

నీళ్ల విషయానికొస్తే, బొట్లు బొట్లుగా కారేంత కొట్టక్కర్లేదు. మొక్కలకు కొట్టే చిన్న స్ప్రే డబ్బా తీసుకుని, అందులో కాస్త డిష్‌వాష్ సబ్బు కలిపి, రెండు అరచేతుల మేర చోటు తడపండి. ఒక నిమిషం ఆగండి. తడి పొర కిందికి దిగుతుంది, అప్పుడు గీకితే రంగు పొడి కాకుండా తుంపులు తుంపులుగా ముద్దగా రాలుతుంది. ఎండుతున్నట్టు అనిపిస్తే మళ్లీ తడపండి. స్విచ్ బోర్డు పక్కన చేసేటప్పుడు మెయిన్ ఆపాలి, తడి చేతులతో కరెంటు దగ్గర ధైర్యాలు వద్దు.

చేయకూడనివి మూడున్నాయి, వీటిలో బేరం లేదు. గ్రైండర్‌కు గానీ సాండర్‌కు గానీ పాత ఆయిల్ పెయింట్ ఇవ్వొద్దు. ఆ దుమ్ము గాలిలో గంటల తరబడి ఉంటుంది, పక్కింటి బట్టల మీద కూడా పడుతుంది. బ్లో లాంప్‌తో కాల్చి తీయొద్దు, సీసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోతుంది. తలుపులు మూసిన గదిలో పెయింట్ రిమూవర్ వాడొద్దు. కొన్ని రిమూవర్లలో ఉండే డైక్లోరోమిథేన్ పీల్చి స్నానాల గదుల్లో పని చేస్తూ చనిపోయినవాళ్లున్నారు.

ఈ మూడూ ఎక్కువ జరిగేది ఎక్కడో తెలుసా? పాత టేకు దర్వాజకు పాలిష్ చేయించే దగ్గర. ఇప్పుడు అదొక మోజు. ఊళ్లో ఇల్లు కూలిస్తే పాత సామాను అమ్మే దగ్గరికి దర్వాజ వస్తుంది. ఎవరో మంచి ధర పెట్టి కొని, ముప్పై ఏళ్ల ఆకుపచ్చ రంగు తీయించి, ఆదిలాబాద్ టేకు నార కనబడేట్టు పాలిష్ పట్టిస్తారు. కట్టె అందంగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ పొరలన్నీ ఒక్కటి మిగలకుండా తీయాల్సిన పని అది. చెక్కడపు పువ్వుల సందుల్లో రంగు ఇరుక్కుని ఉంటుంది, అక్కడే కారిగరు విసిగిపోయి గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలిస్తాడు. పాలిష్ చేయించుకోవాలనుకునే వాళ్లకు నేను చెప్పేదొకటే. చదునైన చోట తడిగీకుడు చేయించండి. పువ్వుల దగ్గర రిమూవర్ జిగురు పూసి, ఆరుబయట చెట్టు కింద, తడి మీదే బ్రష్ చేయించండి. రోజులు పడతాయి. అంత ఓపిక లేకపోతే దానికి రంగే వేసుకోండి, రంగు వేసిన దర్వాజ కూడా బాగుంటుంది.

పనికిరాని తలుపు చెక్కలు పొయ్యిలో పెట్టొద్దు. స్నానాల నీళ్లు కాగబెట్టడానికి ఇవే మొదట గుర్తొస్తాయి, ఎండిన కట్టె, బాగా మండుతుంది. మండితే పొగలో సీసం, బూడిదలో సీసం. ఆ బూడిదతో అంట్లు తోమితే గిన్నెల్లోకి, పాదుల్లో పోస్తే కూరగాయల్లోకి. గీకిన పెచ్చులు పెరట్లో ఊడ్చి పారేస్తే కోళ్లు ఏరుకు తింటాయి, గుడ్లలోకి వస్తుంది. పశువులు రంగు పెచ్చులు నాకి చచ్చిపోయిన సంగతి పశువైద్యులకు బాగా తెలిసినదే. పెచ్చుల్ని, తడిసిన షీటును, తుడిచిన బట్టల్ని లోపలి వైపుకు మడిచి, రెండు కవర్లలో మూటగట్టి, చెత్తబండికి ఇచ్చేటప్పుడు ఇందులో పాత రంగు ఉంది, కాల్చొద్దని చెప్పి ఇవ్వండి.

పని అయ్యాక చీపురు ముట్టొద్దు. ఊడిస్తే సన్న దుమ్ము మళ్లీ లేస్తుంది. మామూలు వాక్యూమ్ క్లీనరు కూడా సన్న పొడిని వెనకనుంచి వదులుతుంది, సన్న దుమ్మును కూడా పట్టి ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదైతేనే వాడాలి. అది లేకపోతే తడిబట్టే శరణ్యం. ఒక బకెట్‌లో సబ్బునీళ్లు, ఇంకో బకెట్‌లో పిండుకునే నీళ్లు. పైనుంచి కిందికి, లోపలి నుంచి తలుపు వైపుకు తుడవాలి. కిటికీ గుంటలు, దూలం పైభాగం, గూళ్లు మరవొద్దు. ఆ నీళ్లు పూలచెట్లకు పోయకుండా మరుగుదొడ్డిలో పోయండి. మర్నాడు ఇంకోసారి తుడవండి, గాలిలో ఉన్నది రాత్రికి కిందికి దిగి ఉంటుంది.

ఇప్పుడు అన్నలతో నేరుగా మాట్లాడతాను. దస్తీ కట్టుకుంటే సీసం ఆగదు. కనీసం ఎన్95 మాస్కు కావాలి, మొహానికి అతికినట్టు ఉండాలి. సన్న దుమ్ముకు అంతకంటే మంచిది ఫిల్టర్లు మార్చుకునే రబ్బరు మాస్కు. మాస్కు ఒక్కటే పెట్టుకుని, అదే చేత్తో బీడీ ముట్టించుకుంటే ఫలితం లేదు. మనకు సీసం ఎక్కువ పోయేది చేతినుంచి నోటికే. బీడీ, గుట్కా, చాయ్, సద్ది ఏదైనా పని చోటు నుంచి బయటికొచ్చి, చేతులు మొహం సబ్బుతో కడుక్కున్నాకే. పని బట్టలు అక్కడే మార్చి, కవరులో పెట్టి, ఇంట్లో విడిగా ఉతికించండి. సాయంత్రం మీరు గడప తొక్కగానే చిన్నోడు వచ్చి మెడకు వేలాడతాడు. ఆ అంగీ మీదున్నది వాడి నోట్లోకే పోతుంది. స్నానం చేశాకే ఎత్తుకోండి.

మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "సారూ, నీళ్లు కొట్టుకుంట గీకితే దినమంత ఒక్క తలుపే అయితది. ఆ కూలి ఎవరిస్తరు?" న్యాయమైన ప్రశ్న. ఇక్కడ కూచున్న ఇంటివాళ్లు దయచేసి వినండి. ఆ కూలి మీరే ఇవ్వాలి. గుత్తకు మాట్లాడితే మేస్త్రి తొందరపడక ఏం చేస్తాడు? పాత రంగు తీసే పనిని గుత్తలోంచి తప్పించి రోజుకూలి కింద విడిగా మాట్లాడుకోండి. మాస్కులు, షీట్లు, స్ప్రే డబ్బా మీ ఖర్చు. మీ పిల్లల కోసమే కదా ఆ పని. అట్లాగే బళ్లు, అంగన్‌వాడీలు నడిచే పాత భవనాల్లో రంగుల పని సెలవుల్లోనే పెట్టించమని తల్లిదండ్రులుగా అడగండి. పక్క గదిలో పాఠం జరుగుతుంటే ఈ గదిలో కిటికీ గీకడం నేను చూశాను. అది ఆగాలి.

ఇప్పటికే ఇంట్లో పొడిగీకుడు జరిగిపోయి, చిన్నపిల్లలుంటే, ఊరికే బెంగపడకుండా పిల్లల డాక్టరుతో మాట్లాడి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసీలీటరు, అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 5 మైక్రోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. యునిసెఫ్ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరు, సుమారు 80 కోట్ల మంది, ఆ హద్దులో గానీ పైన గానీ ఉన్నారు. మన దేశంలోనే 27 కోట్లకు పైగా. అదంతా రంగుల వల్లేనని నేను అనను. పాత బ్యాటరీలు కరిగించే చోట్లున్నాయి, కొన్ని రకాల వంట గిన్నెలున్నాయి, కల్తీ మసాలాలున్నాయి. వాటిలో చాలావాటి మీద మనకు పట్టు లేదు. గీకుడు మీద ఉంది. పిల్లలకు వేళకు కడుపునిండా తిండి పెట్టండి, పాలు, రాగులు, ఆకుకూరలు, జామకాయలు. ఇనుము, క్యాల్షియం సరిగ్గా అందే ఒంట్లోకి సీసం తక్కువ ఎక్కుతుంది. తినే ముందు చేతులు కడిగించండి.

కడప సంగతి చెప్పి ముగిస్తాను. దాన్ని తడిపి, నిదానంగా, కట్టె దాకా తీయండి. మూలల్లో గడ్డకట్టిన చోట ఉలితో చెక్కకుండా తడి గుడ్డ కప్పి కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. తర్వాత తుడిచి, ఆరబెట్టి, కట్టెకు నూనె పట్టించి వదిలేయండి. పండుగ రోజు పసుపు కలిపి చేత్తో రాసుకోండి, కుంకుమ బొట్లు పెట్టుకోండి. రంగే కావాలంటే డబ్బా మీద 90 పీపీఎం అని రాసి ఉన్నది తెచ్చుకోండి.

బయట వేపచెట్టు కింద ఒక పాత కిటికీ రెక్క పెట్టించాం, షీటు కూడా పరిచి ఉంది. ముందు వరసలో ఉన్న నలుగురు మాస్కులు పెట్టుకుని రండి, ఎంత తడపాలో చేసి చూద్దాం. మిగతావాళ్లు కాస్త దూరంగా, గాలి వచ్చే వైపు నిలబడండి. పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు హాల్లోనే కూచోండి, మీకు విడిగా చెప్తాను.